అమరిల్లోకి బదులు ఏం వెయ్యాలి?

మొన్న శనివారం పొద్దున్నే సియాటిల్ నుంచి మా ఫ్రెండొకడు ఫోన్ చేశాడు. ఈ మధ్యే ఇంట్లో బీరు కాయడం మొదలెట్టాడు. గిన్నె పొయ్యి మీద ఉందిట, మరగడం కూడా మొదలైందిట. "అమరిల్లో దొరకలేదురా, బదులు ఏం వెయ్యొచ్చు? తొందరగా చెప్పు" అన్నాడు.

"ఏ బీరు? ఎప్పుడు వేస్తున్నావు? ఎందుకు వేస్తున్నావు?" అని అడిగాను.

"నేనడిగింది ఒక ప్రశ్న. నువ్వు మూడు వేశావు. గంటకింతని బిల్లు వేస్తావా ఏంటి?" అని విసుక్కున్నాడు. వాడి తప్పేం లేదు. ఒకప్పుడు నేనూ అంతే. బదులు ఏమిటో చెప్పే పట్టిక ఉంటే చాలు, మిగతాది స్ప్రెడ్‌షీటు చూసుకుంటుంది అనుకునేవాణ్ణి. ఆ నమ్మకం ఎలా పోయిందో చెప్పడానికే ఈ టపా. బీరు పేరెత్తితే చిరాకుపడేవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. ఆ చిరాకు సంగతి కూడా ఇందులో ఉంది కాబట్టి, చదివినా నష్టం లేదు.

ముందు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బీరంటే బార్లీ మాల్టు, నీళ్ళు, ఈస్టు, హాప్స్. హాప్స్ అనేది మన కాకరపాదులా అల్లుకుపోయే తీగ. కాకపోతే పందిరి పదిహేను, పద్దెనిమిది అడుగుల ఎత్తుంటుంది. దాని ఆడపువ్వులే మనక్కావలసినవి. పువ్వు చీల్చి చూస్తే లోపల పసుప్పచ్చటి పొడి ఉంటుంది. ఆ పొడిలో రెండు రకాల సరుకుంది. ఒకటి ఆల్ఫా ఆమ్లాలు. వీటిని గంటసేపు మరిగిస్తేగానీ చేదు దిగదు. రెండోది సుగంధ తైలాలు. ఇవి మరిగితే ఆవిరైపోతాయి. అందుకని చేదు కోసం వేసే హాప్స్ మొదట్లోనే వేస్తారు, వాసన కోసం వేసేవి దించే ముందు వేస్తారు. ఇంకా కావాలంటే పులిసిన తర్వాత చల్లటి బీరులోనే నానేస్తారు. చారులో చింతపండు ముందు, కొత్తిమీర చివర. అంతే, ఇందులో రాకెట్ సైన్సేం లేదు.

ఇక్కడ అమెరికాలో సొంతానికి ఇంట్లో బీరు కాచుకోవడం నేరం కాదు. 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గాలన్ల దాకా కాచుకోవచ్చు. మన దగ్గర లైసెన్సు లేకుండా ఇదే పని చేస్తే ఎక్సైజు కేసవుతుంది. కాబట్టి హైదరాబాదులో ఎవరైనా ఇది చదివి ఉత్సాహపడితే నా పూచీ లేదు :-)

నేనుండేది ఆరెగన్‌లో, హిల్స్‌బరోలో. హాప్స్ పండే విల్లామెట్ లోయ మా ఇంటి పక్కనే. నాకు బీరు కాయడం నేర్పినాయన మా టీములోనే పనిచేసే పెద్దాయన. పేరెందుకులెండి, నేను మనసులో గురువుగారు అనుకునేవాణ్ణి. కోడు రివ్యూ చేసినంత శ్రద్ధగా మాల్టు గింజ కొరికి చూసేవాడు. ఆయన చేసే పేల్ ఏల్‌లో చివర్లో 28 గ్రాములు, పులిసిన తర్వాత ఇంకో 28 గ్రాములు అమరిల్లో పడేది. గ్లాసు దగ్గరికి తెస్తే కమలాపండు తొక్క గిల్లినట్టుండేది.

2009 జనవరి మూడోవారంలో మా కంపెనీలో చాలామందిని తీసేశారు. ఆ రోజులు గుర్తున్నవాళ్ళకి వివరించక్కర్లేదు. మీటింగ్ రిక్వెస్టులో హెచ్.ఆర్. పేరు కనబడితే చాలు, చేతులు చల్లబడేవి. నేను మిగిలాను, గురువుగారు పోయాడు. మార్చి 31 ఆఖరి రోజన్నారు. నాకేం మాట్లాడాలో తెలీక, "మీ వీడ్కోలు పార్టీకి మీ పేల్ ఏల్ నేను చేసుకొస్తాను" అని మాటిచ్చేశాను.

మాటైతే ఇచ్చాను గానీ అమరిల్లో ఏదీ? అది హాప్స్ కరువు కాలం. అంతకుముందు చాలా ఏళ్ళు ధర గిట్టక రైతులు తోటలు పీకేసి వేరే పంటలకు పోయారు. దానికి తోడు 2006 అక్టోబరులో యాకిమాలో ఓ పెద్ద హాప్స్ గోడౌను తగలబడింది. యూరప్‌లో వాతావరణం కూడా కలిసిరాలేదు. 2007 చివరికొచ్చేసరికి ధరలు ఎన్నో రెట్లు పెరిగిపోయాయి. 2008లో బోస్టన్ బీర్ కంపెనీ తన నిల్వల్లోంచి 20,000 పౌన్లు తీసి చిన్న బ్రూవరీలకు కొన్న ధరకే ఇచ్చింది. అలాంటి పరిస్థితన్నమాట.

అమరిల్లో సంగతి ఇంకా కష్టం. వాషింగ్టన్ రాష్ట్రంలో ఓ కుటుంబం తమ పొలంలో దానంతటదే మొలిచిన మొక్కను గమనించి, పెంచి, పేటెంటు తీసుకుంది. చాలాకాలం వాళ్ళ తోటల్లో పండితేనే ఉండేది. మన భాషలో చెప్పాలంటే సింగిల్ వెండర్. అదే కాస్కేడ్‌ని తీసుకోండి. కోర్వాలిస్‌లో ప్రభుత్వ పరిశోధకులు తయారుచేసి 1972లో విడుదల చేశారు. ఎవరైనా నాటుకోవచ్చు, ఓపెన్ సోర్సు. సియెర్రా నెవాడా పేల్ ఏల్ తాగినవాళ్ళకి ఆ వాసన తెలుసు. మన రెసిపీ ఒక్క వెండర్ మీద ఆధారపడితే ఏమవుతుందో ఆఫీసులో అందరికీ పాఠాలు చెప్పేవాణ్ణి. ఇంటికొచ్చేసరికి ఆ తెలివి ఏమైందో!

బదులు ఏమిటో చెప్పే పట్టిక తీశాను. అమరిల్లో ఎదురుగా కాస్కేడ్, సెంటెన్నియల్, సమ్మిట్ అని మూడు పేర్లున్నాయి. కాస్కేడ్ మరీ అందరూ వాడేది. సమ్మిట్ వివరాల్లో "కమలా, టాంజరీన్" అని ఉంది. ఇంకేం, అచ్చుగుద్దినట్టు సరిపోయింది. పైగా షాపులో దొరుకుతోంది కూడా. అమరిల్లోలో ఆల్ఫా 9 శాతం, సమ్మిట్‌లో 17 శాతం. 28 ఇంటూ 9, బై 17, అంటే దాదాపు 15 గ్రాములు. స్ప్రెడ్‌షీటులో లెక్క వేసి, రెండు దశాంశాల దాకా తూచి మరీ వేశాను.

అప్పటికి మా ఇంట్లో అమ్మ ఉంది. డిసెంబరులో మా పెద్దమ్మాయి పుట్టింది, పురిటికని నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. బాలింతకి పత్యం కదా, రోజూ వెల్లుల్లి కారం. ఇల్లంతా అదే వాసన. అందుకే ఫిబ్రవరి మధ్యలో గరాజులోకి వెళ్ళినప్పుడు వచ్చిన వాసనని నేను పట్టించుకోలేదు. వంటింట్లోంచే అనుకున్నాను. ఫర్మెంటరు మూత తీశాక తెలిసింది. కమలాతొక్క లేదు, ఏం లేదు. ఉల్లిపాయలూ వెల్లుల్లీ కలిపి బీరులో నానేసినట్టుంది.

అమ్మ గుమ్మంలోకొచ్చి, "ఏంది నాయనా, ఉల్లిపాయలేమన్నా కుళ్ళిపోయినాయా?" అంది.

"చెత్తమ్మా, పారబోస్తున్నా" అన్నాను. ఐదు గాలన్లు డ్రైనులో పోశాను. అది పోస్తున్నంతసేపూ అమ్మ అక్కడే నిలబడి చూసింది. ఏమీ అనలేదు.

తర్వాత చదివితే తెలిసిన సంగతి: సమ్మిట్‌కి ఈ ఉల్లి, వెల్లుల్లి పేరు బాగానే ఉంది. గంధకం ఉన్న కొన్ని పదార్థాల వల్ల ఆ వాసన వస్తుంది. అవి రవ్వంత ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. పంట ఆలస్యంగా కోస్తే ఇంకా ఎక్కువట. ఒకే రకం, ఒక సంచిలో టాంజరీన్, ఇంకో సంచిలో ఉల్లిగడ్డ. పట్టికలో ఉండేది రకం పేరే కానీ మన చేతిలో ఉన్న సంచి వాసన కాదు కదా. ఇంకో తప్పు కూడా చేశాను. ఆల్ఫా లెక్క చేదుకి సంబంధించింది. వాసన కోసం వేసే హాప్స్‌కి ఆ లెక్కతో పనేలేదు. ఫంక్షన్ సిగ్నేచర్ సరిపోయిందని లోపల ఏం చేస్తుందో చూడకుండా కలిపేసినట్టు.

మర్నాడు షాపుకెళ్ళి దొరికినవన్నీ చిన్న ప్యాకెట్లు తెచ్చాను. అదృష్టంకొద్దీ గుళికలు కాకుండా పువ్వులే దొరికాయి. కాస్కేడ్, సెంటెన్నియల్, విల్లామెట్. మిగిలిన సమ్మిట్ ఎలాగూ ఉంది. వంటింటి బల్ల మీద పెట్టుకుని, రైతులు చేసినట్టు ఒక్కో పువ్వునీ అరచేతుల మధ్య గట్టిగా నలిపి వాసన చూస్తున్నాను. నాలుగోదానికొచ్చేసరికి నా ముక్కుకి ఏదీ తెలియడం మానేసింది.

అమ్మ కూరగాయలు తరుగుతూ, "ఏందవి? ఇట్టా తే" అంది. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఓ పువ్వు తీసుకుని, కరివేపాకు ముదురో లేతో చూసినట్టు వేళ్ళతో చిదిమింది. కాస్కేడ్ దగ్గర "దబ్బాకు" అంది. ఆలోచించనేలేదు. సెంటెన్నియల్ దగ్గర "ఇది నిమ్మాకు. ఏదో పువ్వు కూడా ఉంది, ఘాటెక్కువ" అంది. విల్లామెట్‌కి "ఎండుగడ్డి, మిరియాలు". సమ్మిట్‌ని దూరం నుంచే "ఇదే గదా మొన్నటి వెల్లుల్లి" అని పక్కకి నెట్టేసింది. చివరికి వేళ్ళు వాసన చూసుకుని, "అన్నిట్లో అడుగున మామిడికాయ జీడి వాసనుంది" అంది.

తర్వాత పుస్తకాలు తిరగేస్తే, అమ్మ చెప్పినదాంట్లో కవిత్వం ఏమీ లేదు. అమెరికన్ హాప్స్ తైలంలో తరచు సగం దాకా ఉండే మిర్సీన్ మామిడి జీడిలో కూడా ఉంటుంది. హాప్స్‌లో పూలవాసననిచ్చే లినలూలే ధనియాలకూ ఆ వాసననిచ్చేది. మిరియాల్లో, లవంగాల్లో ఉండే కారియోఫిలీన్ ఇందులోనూ ఉంది. మొక్కలు వేరైనా సరుకు ఒకటే. నలభై ఏళ్ళు వంటింట్లో ఆకులు చిదిమిన ముక్కు అది. నేను చదివిన వర్ణనలన్నీ నేను ఎప్పుడూ చూడని బ్లాక్‌కరెంటుల గురించి, గూస్‌బెర్రీల గురించి.

"నాకు కమలాతొక్క వాసన కావాలమ్మా" అన్నాను.

"వీటిలో లేదు. ఆ దబ్బాకు రెండు పాళ్ళు, నిమ్మాకు ఒక పాలు కలిపి నలుపు." నలిపి ఇచ్చాను. "ఆ, ఇప్పుడు దగ్గరికొచ్చింది. అదే కాదు గానీ, దగ్గరే." ఓ క్షణం ఆగి, "ఇంతకీ ఇవి దేనికి? మొన్న పారబోసిందానికేనా?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. "అవునమ్మా."

"ఆ రోజే తెలిసింది. ఊట వాసన నాకు తెలీదా?" అని లేచి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, మనవరాలి దగ్గరికెళ్ళిపోయింది.

ఎందుకో చెప్పాలి. మా చిన్నమామ, అంటే అమ్మ తమ్ముడు, సారాకి పోయాడు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా ఉద్యమం మా ఊరికి వచ్చినప్పుడు, దుకాణం ముందు చీపురు పట్టుకుని కూర్చున్నవాళ్ళలో అమ్మ కూడా ఉంది. నేనప్పుడు హైస్కూల్లో. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చిన రోజు ఇంట్లో పాయసం చేసింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం రావడం, 1997లో దాన్ని ఎత్తెయ్యడం కూడా చూసింది. అలాంటి మనిషి ముక్కుని నేను అమరిల్లోకి బదులు వెతకడానికి వాడుకున్నాను. అడక్కుండా, చెప్పకుండా. బీరు వేరు, సారా వేరు అని వాదించడానికి నా దగ్గర బోలెడు పాయింట్లున్నాయి. ఒక్కటీ ఆవిడతో అనే ధైర్యం రాలేదు, ఇప్పటికీ లేదు.

ఆ రెండోసారి బీరు చేశాను. చెయ్యకుండా ఉండాల్సిందేమో, తెలీదు. మాటిచ్చాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఈసారి ప్రశ్నని రెండు ముక్కలు చేశాను. చేదు దేనివల్ల? వాసన దేనివల్ల? చేదు కోసం సమ్మిట్‌నే వాడాను, 12 గ్రాములు, గంటసేపు మరిగేలా. ఆల్ఫా లెక్క ఇక్కడ సరిగ్గా పనికొచ్చింది. గంట మరిగాక వెల్లుల్లి ఆనవాలు కూడా లేదు. చివర్లో, చల్లబడ్డాక కాస్కేడ్ రెండు పాళ్ళు, సెంటెన్నియల్ ఒక పాలు. అమ్మ చెప్పిన కొలతే.

మార్చి చివర పార్టీలో గురువుగారు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఊరుకున్నాడు. "ఇది నా బీరు కాదు" అన్నాడు. నా మొహం చూసి, "బాగుంది. కానీ నాది కాదు. ఇది నీది" అన్నాడు. ఇంకో గ్లాసు పోయించుకున్నాడు. నలుగురికీ షేక్‌హ్యాండిచ్చి, అట్టపెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇన్నేళ్ళలో నాకు అర్థమైనదేమిటో చెప్తాను, ఒప్పుకోకపోతే పోట్లాడొచ్చు.

ఒకటి, వంశం చూసి బదులు ఎంచకండి. ఇంగ్లండులో ఫగుల్ అని పాత రకం. దాని కూతురు విల్లామెట్, 1976లో వచ్చింది. ఫగుల్ దొరక్కపోతే విల్లామెట్ వేస్తారు, బాగానే కుదురుతుంది. కాస్కేడ్ కూడా ఫగుల్ సంతానమే. ఫగుల్‌కి బదులు కాస్కేడ్ వేసి చూడండి, ఇంగ్లీషు బిట్టర్ కాస్తా దబ్బకాయ రసమవుతుంది. ఒకే తల్లి పిల్లలని గుణాలు కలుస్తాయా?

రెండు, ఊరు కూడా చూడాలి. సంచి మీద పేరొకటే అయినా యాకిమాలో పండిన కాస్కేడ్, న్యూజీలాండులో పండిన కాస్కేడ్ ఒకటి కావు. ఏ ఏడాది పంట, ఎలా నిల్వ చేశారు అన్నవి కూడా అంతే ముఖ్యం. వేడికి, గాలికి చాలాకాలం తగిలిన హాప్స్ పాత చీజు వాసనొస్తాయి.

మూడు, ఆ బీరు దేనిమీద నిలబడిందో చూడండి. నాలుగైదు రకాలు కలిపే ఐపీఏలో ఒకటి మారిస్తే ఎవరికీ తెలీదు. చెక్ పిల్స్‌నర్ అలా కాదు, మొత్తం జాటెట్స్ ప్రాంతపు సాజ్ మీదే నిలబడుతుంది. స్టెర్లింగ్ వేస్తే దగ్గరికొస్తుంది. హాలర్టావ్ కూడా నాజూకు రకమే, కానీ సాజ్‌లో దండిగా ఉండే ఫార్నెసీన్ అందులో దాదాపు ఉండదు. తేడా తెలిసిపోతుంది. అలాంటప్పుడు బదులు వెతకడం మానేసి బీరు పేరే మార్చుకోవడం నిజాయితీ. గోంగూర దొరక్క పాలకూరలో నిమ్మకాయ పిండి పప్పు చేస్తే తప్పులేదు. దాన్ని గోంగూర పప్పని వడ్డిస్తేనే గొడవ.

నాలుగు, అన్నిటికంటే ముందు సంచి విప్పి నలిపి చూడండి. ఆ వాసనలకి మీకు తెలిసిన పేర్లే పెట్టుకోండి. దబ్బాకు, ధనియాలు, కమలాతొక్క, ఎండుగడ్డి. పుస్తకంలో ఉన్న పేరుకంటే మీ ఇంట్లో ఉన్న పేరే మీకు గుర్తుంటుంది.

అమ్మ ఏప్రిల్‌లో వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్తుంటే కారులో ఉన్నట్టుండి, "ఆ పెద్దాయనకి మళ్ళీ ఉద్యోగం వచ్చిందా?" అని అడిగింది. ఇంకా లేదన్నాను. "పాపం" అంది. బీరు గురించి అడగలేదు. ఆ తర్వాత అమ్మ ఇక్కడికి మూడుసార్లు వచ్చింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ గిన్నె అటక మీదే ఉంటుంది. హాప్స్ మాత్రం ఫ్రీజర్లో కరివేపాకు పక్కనే ఉంటాయి. చూసే ఉంటుంది.

ఇంతకీ మా ఫ్రెండు సంగతి చెప్పలేదు కదూ. విసుక్కుంటూనే నా మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పాడు. చూస్తే, వాడి రెసిపీలో అమరిల్లో ఉన్నది మొదట్లో, గంటసేపు మరగడానికి, చేదు కోసం. అంత మంచి వాసనున్న హాప్స్‌ని గంటసేపు మరిగించమని రాసినవాడెవడో గానీ!

"నీ దగ్గరేముంది?" అన్నాను.

"సమ్మిట్ ఉంది."

"లెక్కగట్టి అదే వెయ్యి" అన్నాను.